అర్జీలో "ప్రార్థించుచున్నాను" అని ఎందుకు రాయాలి? మాటలు మన ఆలోచనను కట్టేస్తాయా?

అర్జీలరాత (చిత్తూరు):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

చిత్తూరులో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పెట్టి పద్నాలుగేళ్ళయింది. సోమవారం గ్రీవెన్స్ రోజు, అంటే కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే రోజు, పల్లెల నుంచి జనం తొలి బస్సులకే దిగిపోతారు, ఏడింటికల్లా షట్టర్ ఎత్తాలి. ఆ ఒక్కరోజే ముప్పై, నలభై అర్జీలు కొడతాను. ప్రతిదీ కొత్తగా రాసే టైమ్ ఉండదు కాబట్టి కంప్యూటర్లో 'మోడల్' అని ఒక ఫైలు పెట్టుకున్నా. నాకు పని నేర్పిన పెద్దాయన చేత్తో రాసిచ్చిన నమూనా అది, ఆయనకు అంతకుముందు ఎవరు నేర్పారో తెలీదు. "మహారాజశ్రీ జిల్లా కలెక్టర్ గారి దివ్య సముఖమునకు" అని మొదలవుతుంది. "నేను కడు బీదవాడను" అని ఒక లైను ఉంటుంది. చివర "కావున తమరు దయతలచి ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను, ఇట్లు తమ విధేయుడు". మధ్యలో ఖాళీ వదిలి ఉంటుంది. పేరు, ఊరు, సర్వే నంబరు, వాళ్ళ కష్టం, అన్నీ ఆ ఖాళీలో పట్టాలి.

మూడు వారాల కిందట ఒక అవ్వ మనవరాలిని తోడు పెట్టుకుని వచ్చింది. ఎకరన్నర నేల, చెనిక్కాయ వేసుకుంటారు. అది చుక్కల భూమి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, బ్రిటిషు కాలంలో భూముల లెక్కల పుస్తకం, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసినప్పుడు కొన్ని సర్వే నంబర్లకు పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల వందేళ్ళ తర్వాత కూడా ఆ నేల దున్నినవాళ్ళ మనవళ్ళు అమ్ముకోలేక, బ్యాంకులో లోను తీసుకోలేక తిరుగుతున్నారు. దీనికోసమే 2017లో మన రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేశారు. అవ్వ వాళ్ళు ఒక మండలం ఆఫీసు చుట్టూ ఎన్నోసార్లు తిరిగి, అక్కడ పని కాక కలెక్టర్ దగ్గరికి వచ్చారు.

నేను ఎప్పటిలాగే మోడల్లో వివరాలు కొట్టి ప్రింటు తీసి ఇచ్చా. ఆ పిల్ల డిగ్రీ చదువుతోందంట. నిలబడి మొత్తం చదివింది. చదివి, "అన్నా, ఈ నేల మా జేజినాయన వాళ్ళ నాయన కాలం నుంచి మేమే దున్నుకుంటున్నాం. మా పేరు రాయకుండా చుక్కలు పెట్టింది వాళ్ళు. తప్పు దిద్దండి అని అడగాల్సిన చోట దయ చూపించండి అని రాసినావే?" అనింది. నేనేమన్నానంటే, అట్లా రాస్తేనే పని జరుగుతుందమ్మా, అందరూ అట్లే రాస్తారు అన్నా. అవ్వ కూడా "ఆయప్పకు తెలీదా, నువ్వు ఊరుకో మే" అనేసి వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

వాళ్ళు పోయినాక నాకు మనసు మనసులో లేదు. పద్నాలుగేళ్ళలో ఎన్ని వేల మంది చేత "నేను కడు బీదవాడను" అని చెప్పించి ఉంటానో. అందులో సొంత భూమి ఉన్నవాళ్ళు, రావాల్సిన జీతం అడిగేవాళ్ళు, పింఛను ఆగిపోయినవాళ్ళు, అందరూ ఉన్నారు. ఆ కాగితం పట్టుకుని లోపలికి పోయేటప్పుడు మనిషి నడక కూడా మారుతుంది, నేను గేటు దగ్గర రోజూ చూస్తా.

నా ప్రశ్న ఇది. మనం వాడే మాటలు మన ఆలోచనను నిజంగా మారుస్తాయా? లేక ముందు ఆలోచన ఉండి, దానికి తగ్గట్టు మాట వస్తుందా? అధికారంలో ఉన్నవాళ్ళు మాటల ద్వారా మన బుర్రను ఒక గిరి గీసి అందులో కూర్చోబెట్టగలరా? భాష గురించి చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

కొండకింద మాస్టారు (తిరుపతి):

అర్జీలరాత గారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా పెద్దది. నేను ముప్పై ఏళ్ళు తెలుగు, భాషాశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ఈ విషయంలో ఎక్కువగా వినబడే పేరు బెంజమిన్ లీ వోర్ఫ్, అమెరికా ఆయన. ఆయన ఉద్యోగం కాలేజీలో కాదు, ఇన్సూరెన్స్ కంపెనీలో. అగ్నిప్రమాదాలు ఎందుకు జరిగాయో చూసి రిపోర్టు రాసే పని. అక్కడ ఆయన గమనించిన సంగతి ఒకటుంది. పెట్రోలు నిండుగా ఉన్న డ్రమ్ముల దగ్గర జనం జాగ్రత్తగా ఉంటారు, బీడీ సిగరెట్టు ముట్టించరు. అదే 'ఖాళీ డ్రమ్ములు' అని రాసి ఉన్న చోట మాత్రం ధీమాగా అగ్గిపుల్ల గీసేస్తారు. నిజానికి ఖాళీ డ్రమ్ములోనే ప్రమాదం ఎక్కువ, లోపల పెట్రోలు ఆవిరి నిండి ఉంటుంది. కళ్ళముందున్న వస్తువు కన్నా దాని మీద రాసిన 'ఖాళీ' అనే మాట వాళ్ళ చేతిని నడిపించింది. మీ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు.

అయితే వోర్ఫ్ అక్కడితో ఆగలేదు. హోపీ అనే అమెరికా ఆదివాసీల భాషలో కాలాన్ని చెప్పే మాటలే లేవని, వాళ్ళ ప్రపంచమే వేరని రాశాడు. అది నిలబడలేదు. 1983లో మలోట్కి అనే పరిశోధకుడు హోపీ వాళ్ళు కాలాన్ని ఎన్ని రకాలుగా చెప్తారో ఒక పెద్ద గ్రంథంలో చూపించాడు. కాబట్టి భాష ఒక జైలు, అందులో లేని మాటను మనిషి ఆలోచించలేడు అనే వాదన తప్పు. అంత దూరం ఎందుకు, మన 'పచ్చ' చూడండి. పచ్చగడ్డి అంటాం, పచ్చకామెర్లు అంటాం. ఒకటి ఆకు రంగు, ఒకటి పసుపు రంగు, రెండింటికీ ఒకటే మాట. అంతమాత్రాన ఏ రైతూ పండిన వరిని పచ్చివరి అనుకుని వదిలెయ్యడు కదా.

కానీ ఇంకొంచెం చిన్న వాదన ఒకటుంది, అది నిలబడింది. రష్యన్ భాషలో లేత నీలానికీ ముదురు నీలానికీ వేరువేరు పేర్లు, రెండింటినీ కలిపి చెప్పే ఒకే మాట లేదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో రష్యన్లకూ ఇంగ్లీషువాళ్ళకూ నీలపు ముక్కలు చూపించి, ఏవి రెండూ ఒకటో చెప్పమన్నారు. ఆ రెండు పేర్ల సరిహద్దుకు చెరో పక్కన ఉన్న రంగుల్ని రష్యన్లు త్వరగా గుర్తుపట్టారు, ఇంగ్లీషువాళ్ళకు ఆ తేడా రాలేదు. అసలు విశేషం తర్వాతిది. అదే పరీక్ష చేస్తూ కొన్ని అంకెల్ని లోపల్లోపల వల్లించుకోమంటే రష్యన్లకున్న ఆ ఆధిక్యం పోయింది. అంటే నోరు మూసుకుని చూస్తున్నప్పుడు కూడా లోపల మాట పనిచేస్తోందన్నమాట. దానికి ఇంకో పని చెప్తే చూపు మామూలైపోయింది. మాట మన కళ్ళకు గంతలు కట్టదు కానీ, ఎటు చూడాలో గడ్డం పట్టుకుని తిప్పుతుంది.

తెలుగులో రాజకీయానికి బాగా పనికొచ్చేది 'మనం', 'మేము'. ఇంగ్లీషులో, హిందీలో ఈ తేడా లేదు. వింటున్నవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇకమీదట ఏ మీటింగులోనైనా నాయకుడి మాటలు చెవిపెట్టి వినండి, ఏ పార్టీ అయినా సరే. "మేము రోడ్లు వేశాం, మేము పింఛను ఇచ్చాం" అంటారు. ఖజానా ఖాళీ అన్నప్పుడు మాత్రం "మనం కొన్నాళ్ళు ఓర్చుకోవాలి" అంటారు. మన డబ్బుతో వేసిన రోడ్డుకు మనం ఉండం, ఓర్చుకోవడానికి మాత్రం ఉంటాం.

ఇంకొక్క మాట. అర్జీ అనేది పారసీ రెవెన్యూ భాష నుంచి వచ్చిన మాట. 'హక్కు' కూడా ఆ దారినే వచ్చింది. రెండూ సర్కారు కచేరీ మాటలే. రెండోది మాత్రం మీ మోడల్లో లేదు.

---

చెనిక్కాయచేను (పీలేరు దగ్గర):

మాస్టారు చెప్పింది బాగుంది కానీ నేను ఒప్పుకోను. కోపంగా కాదు, అనుభవంతో చెప్తున్నా.

మా తమ్ముడికి చిన్నప్పుడే పోలియో. వాడి మొదటి సర్టిఫికెట్లో 'వికలాంగుడు' అని ఉండేది. 2015 చివర్లో ప్రధాని రేడియోలో 'దివ్యాంగులు' అనాలని చెప్పారు, వాడికి తర్వాత వచ్చిన కాగితంలో అదే రాశారు. మన రాష్ట్ర ప్రభుత్వం శాఖకేమో 'విభిన్న ప్రతిభావంతులు' అని పేరు. వాడి దగ్గర మూడు కాగితాలున్నాయి, మూడు పేర్లతో. బస్సు మెట్టు మాత్రం అదే ఎత్తు. ఈరోజుకీ నేను చంకల కింద చేతులు పెట్టి ఎత్తి ఎక్కించాలి. పేర్లు మార్చేవాళ్ళకు అది ఖర్చు లేని పని, అందుకే మారుస్తారు. మాట ఆలోచనను మార్చేదుంటే ఈపాటికి ఆ మెట్టు దిగాలి.

ఎమర్జెన్సీ సంగతి మా నాయన చెప్పేవాడు. 1975 నుంచి 77 దాకా. పెద్దపెద్ద వాళ్ళే దాన్ని క్రమశిక్షణ అన్నారు, వినోబా భావే 'అనుశాసన పర్వం' అన్నాడు. కుటుంబ నియంత్రణ అని చెప్పి దేశంలో ఎంతమందిని బలవంతంగా పట్టుకుపోయి కోసినారో అందరికీ తెలిసిందే. ఆ పేరు చెడిపోయిందని 1977లో కేంద్రంలో ఆ శాఖ పేరు 'కుటుంబ సంక్షేమం' అని మార్చినారు. మా ఊర్లో ఒక్కరంటే ఒక్కరు సంక్షేమం అన్నారా? ఆపరేషన్ అనే అన్నారు, ఇప్పటికీ అదే అంటారు. జనానికి పైనుంచి ఏ పేరు వచ్చినా, లోపల ఏముందో ముట్టుకుని చూసి వాళ్ళ పేరు వాళ్ళు పెట్టుకుంటారు. చైనాలో జూన్ 4 అనే తేదీ రాయనియ్యరంట, 1989లో తియనాన్మెన్ ఉద్యమకారుల మీద సైన్యం కాల్పులు జరిపింది గుర్తుకొస్తుందని. జనం 'మే 35' అని రాసినారు. మే నెల 31తో అయిపోతే అక్కడి నుంచి నాలుగు రోజులు లెక్క పెట్టుకోమని. మాటను మూసేస్తే మనిషి పక్క సందులోంచి వస్తాడు.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో పని అడగడం హక్కు అని రాసిపెట్టినారు. మా రాయలసీమలో దాన్ని ఏమంటారు? కరువు పని. హక్కు అనే మాట వచ్చినా మేము దాన్ని పట్టించుకోలేదు. మా నోట్లో ఉండేది మా మాటే. దీన్ని బట్టి చెప్పండి, మాట పెద్దదా, అనుభవం పెద్దదా?

అర్జీలరాతన్నా, నువ్వు బాధపడొద్దు. నీ మోడల్ మార్చినా లోపల సీలు ఉండేది ఆఫీసరు చేతిలోనే. వంగి అడిగితే పని జరిగేదుంటే వంగడంలో తప్పేముంది, అవ్వకు భూమి కావాల.

---

పాతడెస్క్ (తిరుపతి):

చెనిక్కాయచేను అన్నా, మీ తమ్ముడి బస్సు మెట్టు గురించి చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. మీరన్నది నిజం. కానీ అది అనుభవం మన చేతికి అందేంత దగ్గరున్నప్పుడు. మనం చూడనిది, వేరే వాళ్ళకు జరిగింది, మాటల ద్వారా తప్ప మన దాకా రాదు కదా. అక్కడ మాటే మొత్తం.

నేను తొమ్మిదేళ్ళు ఒక పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేశాను, పేరు వద్దు. 2015 ఏప్రిల్ 7 పొద్దున మన శేషాచలం అడవిలో, చంద్రగిరి పక్కన, ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళు, తిరువణ్ణామలై, ధర్మపురి లాంటి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. రాళ్ళతో, కత్తులతో మీద పడితే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. కాదు, ముందే పట్టుకుని తీసుకొచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళింది. నేను ఇప్పుడు ఆ వివాదంలోకి పోవట్లేదు, ఆ సాయంత్రం నా టేబుల్ మీద జరిగింది చెప్తాను.

హెడ్డింగు పెట్టాలి. '20 మంది స్మగ్లర్లు హతం' అని ఒకటి, '20 మంది కూలీలు మృతి' అని ఒకటి. ఫొటోలు ముందరున్నాయి. చెట్టు నరికి దుంగ మోసేవాడికి దక్కేది కూలి. ఆ దుంగ మీద కోట్లు చేసుకునేవాడు అడవిలోకే రాడు. వాణ్ణీ వీణ్ణీ కలిపి మనం 'స్మగ్లర్' అని ఒకే మాట అంటున్నాం. ఆ మాట పెడితే చదివేవాడు ఇంకో ప్రశ్న వేయడు, టీ తాగి పేజీ తిప్పేస్తాడు. 'కూలీ' అని పెడితే, కూలివాణ్ణి ఎందుకు చంపారు అనే ప్రశ్న దానంతటదే లేస్తుంది. ఒక్క మాట తేడాతో 20 మంది మరణం న్యాయమో అన్యాయమో చదివేవాడి మనసులో తేలిపోతుంది, విచారణ మొదలవకముందే. ఆ రాత్రి మా పేజీలో ఏ మాట పోయిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. దాన్ని పెట్టింది నేనే.

చావుకు మన తెలుగు పేపర్లలో ఎన్ని మెట్లున్నాయో ఎప్పుడైనా చూశారా? నాయకుడైతే అస్తమయం. సినిమా నటుడైతే కన్నుమూత. స్వామీజీ అయితే శివైక్యం. మామూలు మనిషి మృతి. పోలీసులు వెతుకుతున్నవాడు హతం. ఎవరి చావుకు ఎంత ఏడవాలో ముందే కొలిచి ఇచ్చినట్టు ఉంటుంది. ఎవరూ ఆర్డరు వేయలేదు, రూల్ బుక్కులో లేదు, డెస్కులో చేరిన నెలకే నా చెయ్యి నేర్చేసుకుంది.

వ్యాకరణం ఇంకా మెత్తగా పనిచేస్తుంది. 'పోలీసులు కాల్చారు' అంటే కర్త ఉన్నాడు. 'కాల్పులు జరిగాయి' అంటే వాన పడినట్టు వాటంతట అవే జరిగాయి. 'కాల్పులు జరపాల్సి వచ్చింది' అంటే ఇంక కాల్చినవాడి మీద జాలి పడాలి, పాపం ఆయనకు వేరే దారి లేకపోయింది అని. ప్రెస్ నోటులో ఎప్పుడూ మూడోదే ఉంటుంది. లాఠీచార్జి చేయాల్సి వచ్చింది, ఇళ్ళు తొలగించాల్సి వచ్చింది. టైమ్ లేక మేము దాన్ని అట్లాగే పేజీలో పెట్టేస్తాం. జర్మనీలో నాజీల ఫైళ్ళలో మనుషుల్ని చంపడానికి 'ప్రత్యేక చర్య' అనే అర్థమొచ్చే మాట రాసేవారు. ఆ ఫైళ్ళు టైపు చేసిన గుమస్తాలు చాలామంది తుపాకీ పట్టుకున్నవాళ్ళు కాదు. మాట శుభ్రంగా ఉంది కాబట్టి సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినగలిగారు. నాకు ఈ సంగతే భయం. మాట బాధితుణ్ణి మోసం చెయ్యలేకపోవచ్చు, మీరన్నట్టు అతను ముట్టుకుని చూస్తాడు. చేసేవాణ్ణీ, చూసేవాణ్ణీ మాత్రం నిద్రపుచ్చుతుంది.

---

నగరిపిల్ల:

పాతడెస్క్ అక్కా, మీ పోస్టు మూడుసార్లు చదివాను.

మా ఇంట్లో తమిళం, బడిలో తెలుగు. మా తాత ఇల్లు తిరుత్తణి పక్కన. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, దానితో మా బంధువుల్లో సగం మంది గీతకు అవతల పడ్డారు. ఇక్కడ మమ్మల్ని 'అరవోళ్ళు' అంటారు. చెడ్డగా అనాలని అనరు, మామూలుగానే అంటారు. కానీ జీతం లేకుండా ఒళ్ళు విరిగేలా చేసే పనికి తెలుగులో ఏమంటారు? అరవచాకిరీ. మా టీచరే ఒకసారి క్లాసులో అన్నారు, ఆమెకు అందులో తప్పేముందో కూడా తట్టలేదు, చాలా మంచి టీచర్. నేను తల దించుకున్నా. అటు మద్రాసులో మా మామయ్యను 'గొల్టి' అని పిలుస్తారు, అది తెలుగువాళ్ళను తక్కువ చేసే మాట. ఆయన ఇంట్లో మాట్లాడేది తమిళమే, పెరిగింది ఇటుపక్క కాబట్టి ఆ పేరు.

2015లో ఆ సంగతి జరిగినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా వీధిలో ఒకాయన టీవీ చూస్తూ "అరవోళ్ళే కదా" అన్నాడు. అంతకుముందు రోజే మా నాయనతో కలిసి భోంచేసిన మనిషి ఆయన. మాటలో అప్పటికే మేము వేరుగా ఉన్నాం కాబట్టి ఆయనకు అది అంత సులభంగా వచ్చింది అనుకుంటా.

ఇంకోటి. 'ఊరూ వాడా' అంటాం, అందరూ అని అర్థం. కానీ ఊరు వేరు, వాడ వేరు అని ఆ మాటలోనే ఉంది. మా స్నేహితురాలిది వాడ. "ఊర్లోకి పోయొస్తా" అంటుంది, ఊర్లోనే పుట్టి.

---

చెనిక్కాయచేను (పీలేరు దగ్గర):

పాతడెస్క్ మేడం, నగరిపిల్ల, మీ ఇద్దరిదీ చదివినాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను 'ఊరూ వాడా' ఎన్నిసార్లు అనుంటానో.

నేను కరువు పని గురించి గొప్పగా రాసినా కదా, దాన్ని మళ్ళీ ఆలోచించినా. ఆ 2005 చట్టంలో ఏమని రాసినారంటే, పని కావాలని రాసిస్తే తేదీ వేసి రసీదు ఇవ్వాల. 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాల. ఇన్నేళ్ళలో మా ఊర్లో ఒక్కరు కూడా ఆ రసీదు అడగలేదు. నేనూ అడగలేదు. ఎందుకంటే కరువు పని అంటే మా తలలో ఉండేది వేరే. కరువు వచ్చినప్పుడు సర్కారు కనికరించి గంజి పోసినట్టు, గుంత తవ్వించి ఇంత డబ్బు ఇస్తుంది. గంజి పోసేవాణ్ణి రసీదు అడుగుతామా? పెట్టుకున్న పేరు మాదే, ఎవరూ మామీద రుద్దలేదు. కానీ ఆ పేరు మా నష్టానికే పనిచేసింది. ఇది నాకు ముందు తట్టలేదు.

అయినా బస్సు మెట్టు గురించి నా మాట నాదే. పేరు మార్చి మెట్టు వదిలేసేవాళ్ళను నమ్మను.

---

కొండకింద మాస్టారు (తిరుపతి):

చెనిక్కాయచేను గారూ, మీరు మెట్టు మాట వదలొద్దు. అది లేకపోతే మా చర్చ అంతా గాలిలో ఉంటుంది.

అర్జీలరాత గారికి ఒక పని చెప్తాను. సమాచార హక్కు దరఖాస్తు మీరు కొట్టే ఉంటారు. 2005 నాటి ఆ చట్టంలో 6వ సెక్షన్ 2వ క్లాజు చదవండి. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు కారణం చెప్పక్కర్లేదు అని ఉంది. నేను బీదవాణ్ణి అనక్కర్లేదు, పిల్లలు గలవాణ్ణి అనక్కర్లేదు. ఇంకో పక్క ఇన్నేళ్ళుగా మన పథకాలకు పెట్టిన పేర్లు చూడండి, ఏ ప్రభుత్వం వచ్చినా అంతే: కానుక, దీవెన, చేయూత, ఆసరా. కానుక ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదు. దీవెన పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు ఇస్తారు. ఫారంలో మన పేరు పక్కన 'లబ్ధిదారు' అని ఉంటుంది. పన్ను కట్టేటప్పుడు పౌరులం, తీసుకునేటప్పుడు లబ్ధిదారులం. గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందట బడిలో వాడుక భాష కావాలని పోరాడింది ఒట్టి వ్యాకరణం కోసం కాదు, జనానికి అర్థం కాని భాషలో చదువూ రాతా ఉన్నంతకాలం వాళ్ళ తరఫున ఇంకెవరో మాట్లాడుతూనే ఉంటారని. మీ మోడల్లోని "ప్రార్థించుచున్నాను" ఆయన వద్దన్న భాషే. మీరు నోటితో ఎప్పుడైనా ఆ మాట అన్నారా?

---

అర్జీలరాత (చిత్తూరు):

లేదు సార్, ఎప్పుడూ అనలేదు. ఇంట్లో దేవుడి దగ్గర కూడా "సామీ, చూడు" అంటా అంతే.

అందరికీ పేరుపేరునా థాంక్స్. జరిగింది చెప్తాను. ఆ పిల్ల, అవ్వ పోయిన సోమవారం మళ్ళీ వచ్చారు, ముందు ఇచ్చిన అర్జీ తిరిగి అదే మండలానికి పంపించారంట. ఈసారి కొత్త కాగితం రాద్దామని నేనే అన్నా. పిల్లను పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టుకుని ఇద్దరం కలిసి రాశాం. గంట పట్టింది, వెనక క్యూలో వాళ్ళు గొణుగుతున్నారు.

"జిల్లా కలెక్టర్ గారికి. ఈ సర్వే నంబరులోని ఎకరన్నర భూమిని మా కుటుంబం తరతరాలుగా సాగు చేస్తోంది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టారు. ఆ తప్పును 2017 చట్టం ప్రకారం సరిచేసి నా పేరు రాయాలి. మండలం ఆఫీసులో ఇంతకుముందు ఇచ్చిన దరఖాస్తుల తేదీలు కింద ఉన్నాయి. వాటి మీద ఏ చర్య తీసుకున్నారో, పేరు ఎప్పటిలోగా రాస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి." కింద ఇట్లు అని అవ్వ పేరు, అంతే. విధేయురాలు తీసేశాం.

అవ్వకు చదివి వినిపించా. మొదటి అర్జీ చదివినప్పుడు ఆమె అటూ ఇటూ చూస్తా ఉండింది, అది తనకు సంబంధం లేని మంత్రం లాగా. ఈసారి చెయ్యి అడ్డం పెట్టి మధ్యలో ఆపింది. "తరతరాలుగా అంటే యాడ తెలుస్తుంది నాయనా, మా మామ బాయి తవ్వించినాడు, ఆ బాయి ఇప్పుడూ ఉంది, అది రాయి" అనింది. రాశాం. ఇన్నేళ్ళలో నేను కొట్టిన అర్జీని ఆపి, ఇది చేర్చు అని చెప్పిన మనిషి నాకు గుర్తులేదు.

పని అయిందా అంటే ఇంకా లేదు. లోపల రసీదు ఇచ్చారు, కోప్పడలేదు. అంతవరకే నాకు తెలుసు.

పాత ఫైలు తీసెయ్యలేదు. అదేరోజు ఒకాయన పింఛను కోసం వచ్చాడు, కొత్త పద్ధతిలో కొట్టి ఇస్తే చదివించుకుని భయపడిపోయాడు. "దయతలచి అని లేదే, సారుకు కోపమొస్తే ఉండేది కూడా పోతుంది, పెట్టు నాయనా" అని బతిమాలాడు. పెట్టి ఇచ్చా. ఆయన భయాన్ని కాదనే హక్కు నాకు లేదు అనిపించింది, మీరేమంటారో.

ఇప్పుడు రెండు ఫైళ్ళు పెట్టుకున్నా. టైమ్ పడితే పట్టనీ అని వచ్చినవాళ్ళకు రెండూ చదివి వినిపిస్తున్నా. ఈ సోమవారం ముప్పై ఒక్క మంది వచ్చారు. నలుగురు రెండోది తీసుకున్నారు, అందులో ముగ్గురు ఆడవాళ్ళు.